అరిజోనాలో ఇల్లు కొంటున్నాం: నీళ్ల సంగతి, భూమి సంగతి ఎక్కడ చూసుకోవాలి?

మల్లెతీగ (చాండ్లర్)
అందరికీ నమస్కారం. మేమిద్దరం ఇక్కడ చిప్‌ల తయారీ రంగంలో పనిచేస్తున్నాం. ఇల్లు కొందామంటే చాండ్లర్ ధరలు అందడం లేదు. అందుకని బక్కై, క్వీన్ క్రీక్, శాన్ టాన్ వ్యాలీ వైపు చూస్తున్నాం. ఆఫీసులో ఒకరు "అటు కొనకండి, పదేళ్లలో నీళ్లుండవు" అంటారు. ఏజెంటేమో "నూరేళ్లకు గ్యారంటీ ఉంది" అంటాడు. ఈ నూరేళ్ల మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎవరి మాటా నమ్మకుండా ప్రభుత్వ రికార్డుల్లో మనమే చూసుకునే దారి ఉందా?

ఇంకో సంగతి. మా మావయ్యగారు వచ్చే నెల వస్తున్నారు. హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. గ్రాండ్ కాన్యన్ ఎలాగూ చూపిస్తాం. ఈ రాష్ట్రం చరిత్ర తెలిసే చోట్లు ఇంకేమున్నాయో చెప్పండి.

కాలువ కబుర్లు (టెంపీ)
నూరేళ్ల మాట చట్టంలో ఉన్నదేనండీ. 1980లో భూగర్భ జలాల చట్టం వచ్చింది. అప్పటికే ఈ ఫీనిక్స్ లోయలో బోర్లు వేసి తోడి తోడి కొన్నిచోట్ల నీటిమట్టం వందల అడుగులు పడిపోయింది. కొలరాడో నది నీళ్లను ఇటు తెచ్చే సెంట్రల్ అరిజోనా ప్రాజెక్టు కాలువకు నిధులు కావాలంటే ముందు ఈ తోడకాన్ని అదుపు చెయ్యమని కేంద్రం పట్టుబట్టింది. అప్పటి గవర్నర్ బ్రూస్ బాబిట్ నగరాల వాళ్లను, గనుల వాళ్లను, రైతులను ఒకచోట కూర్చోబెట్టి ఒప్పించారు. భూగర్భ జలం మీద ఇంత గట్టి చట్టం అప్పటికి అమెరికాలో లేదనే చెప్పాలి.

ఆ చట్టం ఫీనిక్స్, టూసాన్, ప్రెస్కాట్, పినాల్ ప్రాంతాలను 'యాక్టివ్ మేనేజ్‌మెంట్ ఏరియా'లుగా గీసింది. వీటిలో ఆరు లేదా అంతకంటే ఎక్కువ ప్లాట్లు వేసి అమ్మాలంటే నూరేళ్లకు సరిపడా నీళ్లున్నాయని రాష్ట్ర జలవనరుల శాఖ దగ్గర రుజువు చెయ్యాలి. దానికి రెండు దారులు. నగరమే మొత్తానికి హామీ తెచ్చుకోవచ్చు. చాండ్లర్, మెసా, ఫీనిక్స్, స్కాట్స్‌డేల్ అలాంటివి. అలా కాకపోతే ఆ వెంచర్ వేసే బిల్డరు తన ప్లాట్ల వరకు సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.

2023 జూన్‌లో గొడవైంది ఈ రెండో దారి గురించే. ఫీనిక్స్ పరిధిలో రాబోయే నూరేళ్లలో భూగర్భ జలం 48.6 లక్షల ఎకరా-అడుగులు తక్కువ పడుతుందని, అంటే అవసరంలో 4 శాతం, జలవనరుల శాఖ లెక్క తేల్చింది. (ఎకరా-అడుగంటే ఒక ఎకరంలో అడుగు లోతు నిలిచే నీళ్లు.) ఇకమీదట బోరు నీళ్ల మీదే ఆధారపడే కొత్త వెంచర్లకు సర్టిఫికెట్లు ఇవ్వబోమంది. దెబ్బ ఎక్కువగా తగిలింది మీరు చూస్తున్న బక్కై, క్వీన్ క్రీక్ వైపే. కానీ అప్పటికే సర్టిఫికెట్ ఉన్న వెంచర్లకు ఆ నిర్ణయం వర్తించదు.

కాబట్టి "బక్కైలో నీళ్లున్నాయా" అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. "ఈ వెంచర్ సర్టిఫికెట్ ఏది, అందులో నీళ్లు ఎక్కణ్ణుంచి చూపించారు" అని అడగండి. జలవనరుల శాఖ వెబ్‌సైట్లో వెంచర్ పేరుతో వెతికితే దొరుకుతుంది. అలాగే కొత్త వెంచర్‌లో కొనేవాళ్ల చేతికి స్థిరాస్తి శాఖ ఆమోదించిన 'పబ్లిక్ రిపోర్ట్' ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోవాలి. చాలామంది సంతకం పెట్టేసి ఫైల్లో దాచేస్తారు. అందులో నీళ్ల పేజీ ఒక్కటైనా చదవండి.

నల్లగొండ బిడ్డ (పియోరియా)
అన్నా, ఐదు ప్లాట్ల కథ గూడ చెప్పాలె. ఆరు ప్లాట్లయితేనే ఈ కాయిదాలన్నీ. ఐదు లేకుంటే అంతకు తక్కువ ముక్కలు చేసి అమ్మితే నూరేండ్ల రుజువు అక్కర్లేదు. కొందరు ఇదే సందు పట్టుకొని ఐదు ముక్కలు ఒకని పేరు మీద, పక్కన ఐదు ఇంకొకని పేరు మీద చేసి ఊరికి ఊరే లేపిన్రు.

స్కాట్స్‌డేల్ పక్కన రియో వెర్డే ఫుట్‌హిల్స్ గట్ల లేచిందే. బోరు పడనోళ్లు ట్యాంకర్లతోని నీళ్లు తెచ్చుకునేది. కరువు సాకుతోని 2023 జనవరి 1 నుంచి ఆ ట్యాంకర్లు మా నీళ్లు నింపుకునుడు బందు అన్నది స్కాట్స్‌డేల్. అంత పెద్ద పెద్ద ఇండ్లల్ల మనుషులు వాన నీళ్లు పట్టుకున్న ఫోటోలు దేశమంత చూసింది. మా దోస్తు ఒకాయన గసుంటి జాగనే ఇంకో దిక్కు అగ్గువకు దొరుకుతుందని బయానా ఇయ్యవోయిండు. అమ్మేటోడు నీళ్ల ముచ్చట ఎత్తనే లేదు. కౌంటీ జాగల ఐదు, అంతకు తక్కువ ముక్కలు అమ్మేటోళ్లు ఒక అఫిడవిట్ ఇయ్యాలె, దాంట్ల నీళ్లు ఎట్ల వస్తయో రాయాలె. ఆ కాయిదం అడిగినంక గాని అసలు సంగతి బయట వడలే. అడుగుడు మస్తు ముఖ్యం వదినా.

కాలువ కబుర్లు
నిజం. దానికి ఇంకొకటి కలుపుతాను. ఆ మేనేజ్‌మెంట్ ఏరియాల బయట చాలాచోట్ల నూరేళ్ల నీళ్లు లేకపోయినా అమ్మొచ్చు, 'నీళ్లు చాలవు' అని చెబితే చాలు. ఆ చెప్పడం కూడా మొదటిసారి కొనేవారికే. వాళ్ల దగ్గర రెండోసారి కొనేవారికి ఆ కాగితం రాదు. నా దృష్టిలో ఇది చట్టంలో ఉన్న పెద్ద లోపం. పాత ఇల్లు కొనేటప్పుడు మీరే వెతుక్కోవాలి.

మల్లెతీగ
చాలా థాంక్సండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. బోరు ఉన్న పాత ఇల్లు ఒకటి శాన్ టాన్ వైపు నచ్చింది. దానికేం చూడాలి?

కాలువ కబుర్లు
ప్రతి బోరుకీ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, 55తో మొదలవుతుంది. జలవనరుల శాఖ బోర్ల రిజిస్ట్రీలో ఆ నంబరు కొడితే ఎప్పుడు తవ్వారు, ఎంత లోతు, అప్పుడు నీళ్లు ఎన్ని అడుగుల్లో తగిలాయి, తవ్వినవాళ్లు నింపిన కాగితాల స్కాన్లతో సహా వస్తాయి. చుట్టుపక్కల బోర్లు కూడా చూడండి. ఇరవై ఏళ్ల కిందటి బోరు ఎంత, నిన్న మొన్న వేసింది ఎంత లోతు? ఈ తేడాను మించిన సాక్ష్యం లేదు.

శాన్ టాన్, క్వీన్ క్రీక్ అంటున్నారు కాబట్టి భూమి పగుళ్ల మ్యాపు కూడా తప్పకుండా చూడండి. కింద నీళ్లు తోడేసిన చోట నేల కుంగి, అంచుల్లో చీలికలు వస్తాయి. వాన పడ్డప్పుడు అవి తెరుచుకుని గోతులవుతాయి. అరిజోనా భూగర్భ సర్వే సంస్థ వీటిని మ్యాపుల్లో గీసి అందరికీ అందుబాటులో పెట్టింది. డబ్బులేమీ కట్టక్కర్లేదు.

రిటైర్డ్ డీఈ (విజయవాడ)
మా అమ్మాయి గిల్బర్ట్‌లో ఉంటుంది, అందుకని ఈ చర్చ చదువుతున్నాను. ఎకరా-అడుగుల్లో చెబితే మనవాళ్లకు అంతుపట్టదు, టీఎంసీల్లోకి మార్చి చూశాను. కొలరాడో నది కింది భాగంలో అరిజోనా వాటా 28 లక్షల ఎకరా-అడుగులు, అంటే సుమారు 122 టీఎంసీలు. కాలిఫోర్నియాకు 44 లక్షలు, అంటే దాదాపు 192. నెవాడాకు 3 లక్షలు, 13 టీఎంసీలే. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది 800 టీఎంసీలని గుర్తుంచుకుంటే వీళ్లు ఎంత చిన్న నది మీద ఎంత బతుకు నిలబెట్టారో అర్థమవుతుంది.

నా సందేహం ఒకటే. ఈ నది నీళ్ల పంపకం మీద రాష్ట్రాల మధ్య 1922లోనే ఒప్పందం జరిగిందంటారు కదా, కరువొచ్చినప్పుడు అరిజోనాకే ముందు కోత ఎందుకు పడుతోంది?

కాలువ కబుర్లు
సార్, నమస్కారం. మీ లెక్క సరిగ్గా ఉంది. 1922 ఒప్పందం మీద అరిజోనా చాలా ఏళ్లు సంతకమే పెట్టలేదు. శాసనసభ దాన్ని ఆమోదించింది 1944లో. మధ్యలో 1934లో, కాలిఫోర్నియాకు నీళ్లు పోయే పార్కర్ డ్యాం కట్టనివ్వబోమని ఇక్కడి గవర్నర్ నేషనల్ గార్డు సైనికుల్ని నది ఒడ్డుకు పంపారు. ఆ తర్వాత సుప్రీంకోర్టుకెళ్లి 1963లో 28 లక్షలు గెలిచారు. గెలిచారు గానీ నది రాష్ట్రం పడమటి అంచున పారుతుంది, జనం నడిమధ్యన ఉంటారు. నీళ్లు తేవాలంటే కాలువ కావాలి, కాలువకు కాంగ్రెస్ డబ్బివ్వాలి, కాంగ్రెస్‌లో కాలిఫోర్నియా ఓట్లు ఎక్కువ. 1968లో వాళ్లు పెట్టిన షరతు ఇదీ: నది తగ్గితే ముందు మా 44 లక్షలు, ఆ తర్వాతే మీ కొత్త కాలువ. అరిజోనా ఒప్పుకుంది.

అందుకే 2021 ఆగస్టులో మొదటిసారి నీటి కొరత ప్రకటించినప్పుడు 2022కి అరిజోనాకు 5,12,000 ఎకరా-అడుగుల కోత పడింది. మీ లెక్కలో 22 టీఎంసీల పైన. ఎక్కువగా నష్టపోయింది పినాల్ కౌంటీ పత్తి, పశుగ్రాసం రైతులు. కొరతను ఎలా పంచుకోవాలో చెప్పే 2007 నాటి మార్గదర్శకాల గడువు 2026తో ముగుస్తుంది. ఏడు రాష్ట్రాల బేరం దాని గురించే.

ఆ కాలువ కూడా మామూలుది కాదు సార్. హవాసు సరస్సు నుంచి టూసాన్ దాటే వరకు 336 మైళ్లు. దారిలో మొత్తం 2,900 అడుగులకు పైగా నీళ్లను ఎత్తాలి. పని 1973లో మొదలై 1993లో పూర్తయింది. ఈ రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ కరెంటు వాడేది ఆ పంపులే. 2019 వరకు ఆ కరెంటులో ఎక్కువ భాగం నవహో తెగ భూముల్లో ఉన్న బొగ్గు ప్లాంటు నుంచి వచ్చేది.

రిటైర్డ్ డీఈ (విజయవాడ)
2,900 అడుగుల ఎత్తిపోత! ఎత్తిపోతల పథకాల కరెంటు బిల్లులు చూసినవాడిగా చెబుతున్నాను, ఆ నీళ్లు పారబోయడానికి చెయ్యి రాకూడదు.

ఎడారిపువ్వు (స్కాట్స్‌డేల్)
ఇళ్లవాళ్లను అంటారు గానీ నీళ్లు తాగేసేది పొలాలే. సౌదీ కంపెనీ ఒకటి ప్రభుత్వ భూమిలో అల్ఫాల్ఫా అనే పశుగ్రాసం పండించి ఓడల్లో పంపేసింది. రెండోది, నేటివ్ ట్రైబ్స్‌కి కొలరాడో నీళ్లలో అంత పెద్ద వాటా ఇచ్చేశారు, వాళ్లేమో నగరాలకు లీజుకిస్తున్నారు. ఇది మాత్రం న్యాయంగా లేదనిపిస్తుంది.

పాతకాగితాలు (ఫీనిక్స్)
ఎడారిపువ్వు గారూ, మీ మొదటి మాట చాలావరకు నిజం. రాష్ట్రంలో 70 శాతానికి పైగా నీళ్లు వ్యవసాయానికే పోతాయి. బట్లర్ వ్యాలీలో ఆ సౌదీ కంపెనీ లీజుల్లో ఒకదాన్ని 2023 అక్టోబరులో గవర్నర్ రద్దు చేశారు, మిగతావి పొడిగించబోమన్నారు. అయినా అసలు సమస్య విదేశీ కంపెనీ కాదు. మేనేజ్‌మెంట్ ఏరియాల బయట భూమి ఉన్నవాడు ఎంత తోడుకున్నా అడిగే చట్టం లేకపోవడం. అక్కడ ఈ ఊరివాళ్లు తోడినా నీళ్లు తోడినట్టే.

రెండో మాటకు మాత్రం కొంచెం పెద్ద జవాబు రాయాలి. ఇది నేను లైబ్రరీలో వాలంటీరుగా ఏళ్లుగా చదువుతున్న విషయం.

ఈ లోయలో కాలువలు మొదట తవ్వింది హూహూగమ్ ప్రజలు. పుస్తకాల్లో హోహోకమ్ అని ఉంటుంది. సుమారు క్రీ.శ. 450 నుంచి 1450 వరకు, ఇనుము లేదు, బరువు లాగే పశువు లేదు, కర్రలతో, రాళ్లతో వందల మైళ్ల కాలువలు తవ్వారు. సాల్ట్ నది నీళ్లను వాలు తప్పకుండా మైళ్లకు మైళ్లు నడిపించారు. 1867లో జాక్ స్విల్లింగ్ ఇక్కడికొచ్చి కాలువ కంపెనీ పెట్టినప్పుడు ఆ పాత కాలువల జాడలు నేల మీద కనిపిస్తూనే ఉన్నాయి. కొన్నిచోట్ల వాటినే బాగుచేసి నీళ్లు వదిలారు. పాత నాగరికత బూడిదలోంచి లేచే ఊరని దీనికి ఫీనిక్స్ పేరు పెట్టారు.

హూహూగమ్ సంతతి అకిమెల్ ఓఓధామ్ ప్రజలు, బయటివాళ్లు పీమాలంటారు. గీలా నది ఒడ్డున గోధుమ పండించి, కాలిఫోర్నియా బంగారానికి పోయే బాటసారులకు, సైన్యానికి అమ్మినవాళ్లు. ఎడారి దాటేవాళ్ల ప్రాణం నిలిపింది వాళ్ల ధాన్యమే. 1870ల నుంచి ఎగువన వలసదారులు గీలా నీళ్లను మళ్లించుకున్నారు. ఇక్కడి నీటి న్యాయం 'ముందు వాడుకున్నవాడికి ముందు హక్కు' అంటుంది. ఆ లెక్కన వాళ్లకంటే ముందెవరు? అయినా వాళ్ల నది ఎండిపోయింది, పంటలు పోయాయి, వ్యవసాయంతో బతికిన ప్రజలు ఆకలితో మాడారు. మెస్కీట్ చెట్లు కొట్టి వంటచెరుకు అమ్ముకున్నారు. వాళ్ల కోసమని కట్టిన కూలిడ్జ్ డ్యాం 1930లో ప్రారంభమైంది, అదీ సరిపోలేదు. చివరకు 2004లో కాంగ్రెస్ చేసిన పరిష్కార చట్టంతో గీలా రివర్ ఇండియన్ కమ్యూనిటీకి ఏటా 6,53,500 ఎకరా-అడుగులు దక్కాయి. డీఈ గారి కొలతలో 28 టీఎంసీలు. దీన్ని 'ఇచ్చారు' అనడం నాకు మనసొప్పదు. తీసుకున్నదాంట్లో కొంత తిరిగొచ్చింది.

నవహోల సంగతి ఇంకా కష్టం. అక్కడ దాదాపు 30 శాతం ఇళ్లకు ఇప్పటికీ కుళాయి లేదు. వాళ్లకు నీళ్లు సమకూర్చే బాధ్యత కేంద్రానిదేనని కోర్టుకెళ్తే 2023లో సుప్రీంకోర్టు 5-4తో కాదంది. ఇందాక చెప్పిన బొగ్గు ప్లాంటు వాళ్ల నేల మీదే ఉండేది. ఆ కరెంటుతో మన కుళాయికి నీళ్లెక్కాయి.

ఎడారిపువ్వు (స్కాట్స్‌డేల్)
ఇదంతా నాకు ఎవరూ చెప్పలేదండీ. 2004 చట్టం గురించి చదువుతాను. ఒక ప్రశ్న, ఆ నీళ్లు వాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారు?

పాతకాగితాలు
సాగు పెంచుతున్నారు, కొంత భూమిలోకి ఇంకించి నిల్వ చేస్తున్నారు, కొంత లీజుకిస్తున్నారు. కొలరాడో మీద హూవర్ డ్యాం వెనక ఉన్న మీడ్ సరస్సు మట్టం పడిపోతున్నప్పుడు తమ వాటాలో కొంత సరస్సులోనే వదిలి రాష్ట్రాన్ని గట్టెక్కించారు కూడా. 2024లో తమ కాలువ మీద సోలార్ పలకలు పరిచారు, అమెరికాలో ఇది మొదటిది. గుజరాత్‌లో నర్మద కాలువ మీద 2012లోనే మనవాళ్లు చేసిన పనే.

బాటసారి (టూసాన్)
నీళ్ల మాట మంచిగా నడుస్తోంది, భూమి మాట ఒకటి చెబుతా. ఈ రాష్ట్రంలో ప్రైవేటు భూమి సుమారు 18 శాతమే. నాలుగో వంతుకు పైగా ట్రైబ్స్‌ది. పెద్ద భాగం కేంద్రానిది: అడవులు, పార్కులు, బీఎల్ఎం అనే కేంద్ర భూ నిర్వహణ సంస్థ భూములు. ఇవి కాక సుమారు 92 లక్షల ఎకరాలు 'స్టేట్ ట్రస్ట్ ల్యాండ్'. చాలామంది మనవాళ్లు దీన్ని కూడా ప్రభుత్వ భూమే కదా అని వీకెండ్ పిల్లల్ని తీసుకుని నడకకు వెళ్లిపోతారు. ఇది ట్రస్టు భూమి. ఇక్కడి సర్వేలో భూమిని టౌన్‌షిప్‌లుగా, ఒక్కో టౌన్‌షిప్‌ను 36 సెక్షన్లుగా గీస్తారు; 1910 చట్టంతో ప్రతి టౌన్‌షిప్‌లో 2, 16, 32, 36 నంబర్ల సెక్షన్లను ప్రధానంగా బడుల కోసం రాష్ట్రానికిచ్చారు. అమ్మాలంటే బహిరంగ వేలం తప్పనిసరి, వచ్చిన డబ్బు బడులకు, ఇంకొన్ని సంస్థలకు. అందులో అడుగు పెట్టాలంటే ల్యాండ్ డిపార్ట్‌మెంట్ పర్మిట్ కావాలి. ఆన్‌లైన్లో తీసుకోవచ్చు.

ఇల్లు కొనేవాళ్లకూ ఇది అవసరం. "వెనకాల అంతా ఖాళీ, ఎప్పటికీ ఎడారే" అని ఏజెంటు చూపించే భూమి ట్రస్టుదైతే రేపు వేలంలో పోయి అక్కడ మాల్ లేవొచ్చు. ల్యాండ్ డిపార్ట్‌మెంట్ మ్యాపులో ఏ రంగు ఎవరిదో ఉంటుంది. కొనేముందు ఒకసారి చూడండి.

మల్లెతీగ
బాబోయ్, మాకు చూపించిన ఇంట్లో సరిగ్గా ఇదే మాట అన్నారు. ఈ రాత్రే మ్యాపు చూస్తాను.

నారింజతోట అక్క (సెంట్రల్ ఫీనిక్స్)
మీరంతా కొత్త వెంచర్లంటారు, పాత ఫీనిక్స్ ఇళ్ల సంగతి కూడా వినండి. మాది 1940ల ఇల్లు. పెరట్లో నారింజ, నిమ్మ చెట్లు. సాల్ట్ రివర్ ప్రాజెక్టు కాలువ నీళ్లు మా వంతు వచ్చినప్పుడు గేటు తిప్పి పెరడంతా మడి కట్టినట్టు నింపుకుంటాం. వంతు అర్ధరాత్రి రెండింటికి రావొచ్చు, లేవాల్సిందే. కాలువ గేట్లు చూసే మనిషిని ఇక్కడ స్పానిష్ మాటతో 'సాంహెరో' అంటారు. ఈ హక్కు భూమికి అంటిపెట్టుకుని ఉంటుంది. 1892లో జడ్జి కిబ్బీ నీళ్లు కాలువ కంపెనీవి కావు, భూమివి అన్నాడు. 1910లో కెంట్ డిక్రీ అనే కోర్టు తీర్పు ఏ భూమికి ఎంత అనేది తేల్చింది. 1903లో ఇక్కడి రైతులు 2 లక్షల ఎకరాలకు పైగా భూమిని హామీ పెట్టి కేంద్రం దగ్గర అప్పు తెచ్చుకుని రూజ్‌వెల్ట్ డ్యాం కట్టించుకున్నారు. 1911 మార్చిలో థియొడోర్ రూజ్‌వెల్టే వచ్చి ప్రారంభించాడు. ఆ రైతులు పొలాలు తాకట్టు పెట్టారు కాబట్టే ఈ ఊళ్లో నీడ ఉంది.

మా వీధిలో కొత్తగా వచ్చినవాళ్లు గేటు మూసేసి రాళ్లు పరుస్తున్నారు. అది వాళ్ల ఇష్టమే, కానీ చెట్లు ఎండిపోతుంటే చూడలేకపోతున్నాను.

పాతకాగితాలు
మల్లెతీగ గారూ, మావయ్యగారి సంగతి. ఎయిర్‌పోర్టు దగ్గరే ఎస్ఎదవ్ వాఅకి మ్యూజియం ఉంది, 2023 వరకు ప్యూబ్లో గ్రాండే అనేవారు. హూహూగమ్ ఊరి దిబ్బ, పాత కాలువల జాడ అక్కడ చూడొచ్చు. ఉదయమే వెళ్లండి, ఎండ పెద్దవాళ్లకు మంచిది కాదు. అక్కణ్ణుంచి దక్షిణంగా కూలిడ్జ్ ఊళ్లో కాసా గ్రాండే శిథిలాలున్నాయి. పురాతన కట్టడాన్ని కాపాడాలని కేంద్రం 1892లో దేశంలోనే మొదట పక్కన పెట్టిన స్థలం అది. దారిలో గీలా రివర్ కమ్యూనిటీ పొలాలు చూపించండి.

ఓపికుంటే బిస్బీ. రాగి గనుల ఊరు. 1917 జూలై 12న సమ్మె చేసిన దాదాపు 1,300 మందిని తుపాకులతో చుట్టుముట్టి పశువుల రైలు పెట్టెల్లో ఎక్కించి న్యూ మెక్సికో ఎడారిలో దింపేశారు. సాంఘిక శాస్త్రం మాస్టారు కాబట్టి ఆయన తప్పకుండా అడుగుతారు, వాళ్లకు న్యాయం జరిగిందా అని. ఎవరికీ శిక్ష పడలేదు. ఇంకొకటి కూడా చెప్పండి: ఈ రాష్ట్రం 1912లో ఏర్పడింది, మహిళలకు అదే ఏడాది నవంబరులో ఓటు వచ్చింది. నేటివ్ ప్రజలకు ఇక్కడ ఓటు దక్కింది 1948లో, కోర్టుకెళ్లి గెలిస్తే. అంతకుముందే వాళ్ల పిల్లలు రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చారు.

నల్లగొండ బిడ్డ (పియోరియా)
అక్కా, ఈ పాత కాయిదాలు మాసుంటోళ్లకు గూడ చూడనిస్తరా? సిటిజన్ కావాల్నా?

పాతకాగితాలు
ఏమీ అక్కర్లేదు తమ్ముడూ. వీసా మీద ఉన్నా చూడొచ్చు. ఫీనిక్స్‌లో రాజధాని భవనానికి దగ్గర్లో పాలీ రోజెన్‌బామ్ ఆర్కైవ్స్ భవనం ఉంది. ఆవిడ 1949 నుంచి 1995 దాకా శాసనసభలో ఉన్నారు. ఫోటో గుర్తింపు కార్డు పట్టుకెళ్లు, టైమింగ్స్ ముందే చూసుకో. ఇంట్లోంచే చూడాలంటే 'అరిజోనా మెమరీ ప్రాజెక్ట్' అని వెతుకు. పాత ఫోటోలు, మ్యాపులు, నివేదికలు అన్నీ ఉచితం. 75 ఏళ్లు దాటిన జనన పత్రాలు, 50 ఏళ్లు దాటిన మరణ పత్రాలు కూడా రాష్ట్రం ఆన్‌లైన్లో పెట్టింది.

రిటైర్డ్ డీఈ (విజయవాడ)
అమ్మా, కెంట్ డిక్రీ పూర్తి పాఠం అక్కడ దొరుకుతుందా? డిసెంబరులో మా అమ్మాయి దగ్గరికి వస్తున్నాను. కూర్చుని చదవాలని ఉంది.

పాతకాగితాలు
రండి సార్. రిఫరెన్స్ డెస్కుకు ఆ పేరు, 1910 సంవత్సరం ముందే ఈమెయిల్ చెయ్యండి. మీరు వచ్చేసరికి ఏమేం ఉన్నాయో తీసి ఉంచమని అడగొచ్చు. ఆ వారం నేనూ ఖాళీగానే ఉంటాను, కలిసి చూద్దాం.

మల్లెతీగ
మ్యాపు చూశానండీ. మాకు నచ్చిన ఇంటి వెనక ఖాళీ స్థలం ట్రస్టు భూమే. బోరు నంబరు కోసం అమ్మేవాళ్లకు రాశాను, పగుళ్ల మ్యాపులో ఆ వీధికి దగ్గర్లో ఏమీ కనిపించలేదు. బోరు కాగితాలు రాగానే ఇక్కడే పెడతాను. కాలువ కబుర్లు గారూ, మీరొకసారి చూసి చెప్పాలి.

కాలువ కబుర్లు
పెట్టండి. చుట్టూ ఒక మైలు లోపల ఉన్న బోర్ల లోతులు కూడా ఒక కాగితం మీద రాసి పెట్టండి, సంవత్సరాలతో సహా.